లాగ్ ఇన్: ఓడ వెనక విసిరిన చెక్కముక్క

"లాగిన్ అయితలేదు, సర్వర్ స్లో ఉన్నది, జరసేపు కూసోండ్రి." హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ మీసేవలో నిలబడ్డా, ఎనుమాముల మార్కెట్ బయట ఏ జిరాక్స్ షాపులో నిలబడ్డా ఈ మాట వినబడకుండా పూట గడవదు. పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతు నుంచి డిగ్రీ సీటు కోసం వచ్చిన పిల్ల దాకా అందరికీ వచ్చిన ఇంగ్లిష్ మాట ఇది. వాడని వాళ్లు లేరు. అయితే చాలామంది దీన్ని తలుపుకు సంబంధించిన మాట అనుకుంటారు. 'ఇన్' అంటే లోపలికి కాబట్టి, 'లాగ్' అంటే తాళమో గొళ్లెమో తీయడం అయి ఉంటుందని లెక్క.

తాళం కాదు, పుస్తకం. లాగ్ ఇన్ అంటే పేరును లెక్కల పుస్తకంలోకి ఎక్కించడం. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో సింగరేణి కార్మికుడు "మస్టర్ పడ్డదా?" అని అడిగితే బాయిలోకి దిగినవా అని కాదు, నీ పేరు ఇవ్వాళ్టి హాజరులో ఎక్కిందా అని. మస్టర్ పడకుండా ఎంత బొగ్గు తవ్వినా ఆ రోజు జీతంలోకి రాదు. లాగ్ ఇన్‌కు అంతకన్నా దగ్గరి మాట మనవైపు దొరకదు. లోపలికి పోవడం తర్వాతి సంగతి, ముందు నమోదు.

నమోదుకూ 'లాగ్'కూ ఏం సంబంధం? ఇంగ్లిష్‌లో లాగ్ అంటే ముందుగా వచ్చే అర్థం దుంగ. ఏటూరునాగారం అడవిలో కొట్టి లారీకి ఎత్తే టేకు మొద్దు ఉంది చూడండి, అదే లాగ్. నిఘంటువు తెరిస్తే దుంగ ఒక అర్థంగా, నమోదు పుస్తకం ఇంకో అర్థంగా కనిపిస్తాయి గానీ అవి రెండు వేర్వేరు మాటలు కావు. ఒకదాని నుంచి రెండోది పుట్టింది. పుట్టింది సముద్రం మీద.

ఓరుగల్లుకు సముద్రం లేదు గానీ ఓరుగల్లు రాజ్యానికి ఉండేది. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును అంతకు ముందటి రాజులు లాక్కునేవాళ్లని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ ఎందుకు దారి తప్పుతుందో తెలిస్తే ఆ శాసనం విలువ ఇంకా తెలుస్తుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు జనగామ, ఆలేరు, భువనగిరి అని ఊళ్లు వస్తాయి, పక్కన కిలోమీటరు రాళ్లుంటాయి. నడిసముద్రంలో ఏమీ ఉండదు. రేవు వదిలి ఎన్ని గంటలైంది, ఏ దిక్కుకు పోతున్నాం, ఎంత వేగంతో పోతున్నాం అన్న మూడు సంగతులు కలిపి, ఇప్పుడు ఇక్కడ ఉండి ఉంటామని పటం మీద చుక్క పెట్టుకోవాలి. దిక్కును దిక్సూచి చెబుతుంది, గంటలను ఇసుక గడియారం చెబుతుంది. మిగిలింది వేగం. దాన్ని తాడుతో కొలిచే పద్ధతిని విలియం బోర్న్ అనే ఇంగ్లిష్‌వాడు నావికుల కోసం 1574లో పుస్తకంలో రాశాడు.

పద్ధతి ఇదీ. ఓడ వెనక భాగం నుంచి ఒక చెక్కను నీళ్లలో పడేస్తారు. చెక్క ఉన్నచోటే తేలుతూ ఉంటుంది, ఓడ ముందుకు పోతుంది. చెక్కకు కట్టిన తాడు ఎంత బయటికి పోయిందో చూస్తే ఆ కాసేపట్లో ఓడ ఎంత దూరం పోయిందో తెలిసినట్టే. ఆ చెక్క పేరే లాగ్.

వట్టి మొద్దును పడేస్తే అలల మీద దొర్లుతుంది, తాడు గుంజితే వెంట వచ్చేస్తుంది. అందుకని దానికి ఒక ఆకారం కుదిరింది. వృత్తాన్ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే పావుచెక్క ఆకారం, ఇంచుమించు ఆరు అంగుళాల వ్యాసార్థం. వంపు తిరిగిన అంచుకు సీసం పోస్తారు. ఆ బరువుకు చెక్క నీళ్లలో నిట్టనిలువుగా నిలబడి ఎదురు పట్టుకుంటుంది. మూడు మూలలకు మూడు చిన్న తాళ్లు, అవి కలిసేచోట అసలు తాడు. మూడింట్లో ఒక తాడును మాత్రం ముడి వేయరు, కొయ్య మేకుతో బిగిస్తారు. పని అయిపోయాక తాడును ఒక్క గుంజు గుంజితే ఆ మేకు ఊడి, చెక్క నీళ్ల మీద పడుకుని, సులువుగా వెనక్కి వస్తుంది. మేకు లేకపోతే పోతున్న ఓడ మీదికి దాన్ని గుంజడానికి చేతులు పడిపోతాయి. లాగ్‌ను లాగడం అంత తేలిక కాదన్నమాట.

తాడు మొదట్లో కొంత భాగాన్ని లెక్కలోకి తీసుకోరు. ఓడ వెనక నీళ్లు సుడి తిరుగుతూ ఉంటాయి, చెక్క ఆ సుడిని దాటి నిమ్మళించిన నీళ్లలోకి పోవాలి. అంతవరకు పోయే తాడును వదిలేసి, అది అయిపోయే చోట ఒక గుడ్డపేలిక కడతారు. ఒకడు తాడు చుట్టిన రాట్నాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటాడు. ఒకడు ఇసుక గడియారం పట్టుకుంటాడు. అధికారి చెక్క విసిరి, తాడును వేళ్ల మధ్య నుంచి పోనిస్తుంటాడు. గుడ్డపేలిక చేతికి తగలగానే "తిప్పు" అని అరుస్తాడు, గడియారం తిరగబడుతుంది. ఇసుక అయిపోగానే రెండోవాడు "ఆపు" అంటాడు, తాడు పట్టేస్తారు. గుడ్డ తర్వాత తాడుకు వరసగా ముడులుంటాయి. ఎన్ని ముడులు పోతే అంత వేగం. ఓడల వేగాన్నీ తుపాను గాలుల వేగాన్నీ ఇప్పటికీ నాట్లలో చెబుతారు కదా, నాట్ అంటే ఈ ముడే.

ముడికీ ముడికీ మధ్య దూరం ఎట్లా వచ్చిందో లెక్క వేసి చూడవచ్చు. సముద్రం మీద దూరాలు చెప్పే నాటికల్ మైలు 6080 అడుగులు అనుకుందాం. గంటకు ఒక మైలు పోయే ఓడ 3600 సెకన్లలో 6080 అడుగులు పోతుంది. ఇసుక గడియారం 28 సెకన్లది అయితే, 6080ని 28తో గుణించి 3600తో భాగించాలి. 47.29 వస్తుంది, అంటే ఇంచుమించు 47 అడుగుల 3 అంగుళాలు. ఆ దూరానికి ఒక ముడి చొప్పున వేసుకుంటే, లెక్కపెట్టిన ముడులే గంటకు ఎన్ని మైళ్లో చెప్పేస్తాయి. ఓడ మీద ఎవరూ గుణించాల్సిన పని లేదు, గుణకారమంతా తాడులోనే ఉంది. వేగం మరీ ఎక్కువుంటే తాడు చాలదు కాబట్టి 14 సెకన్ల గడియారం తిప్పి, వచ్చిన ముడులను రెట్టింపు చేసేవాళ్లు.

తప్పులు కూడా ఇక్కడే. మొదట్లో నావికులు 42 అడుగులకు ఒక ముడి వేసి 30 సెకన్ల గడియారం వాడేవాళ్లు. మైలు పొడవును తక్కువగా అనుకోవడం వల్ల వచ్చిన తేడా అది. రిచర్డ్ నార్వుడ్ భూమి మీద దూరాలు కొలిచి, 30 సెకన్లకు 51 అడుగులు ఉండాలని 1637లో రాశాడు. అయినా చాలామంది పాత తాడును వదల్లేదు, దానికి కారణం మొండితనం ఒక్కటే కాదు. ముడులు దగ్గరగా ఉంటే లెక్క ఎక్కువ వస్తుంది. ఓడ నిజంగా 8 మైళ్లు పోతే తాడు 10కి దగ్గరగా చెబుతుంది. అంటే ఓడ కంటే లెక్క ముందు పోతుంది, ఒడ్డు ఇంకా దూరంలో ఉండగానే నావికుడు జాగ్రత్తపడతాడు. ముడులు దూరంగా ఉంటే దీనికి తలకిందులు. ఒడ్డు ఇంకా చాలా ఉందనుకుంటున్న రాత్రి ఓడ పోయి రాళ్లకు తగులుతుంది. తడిసి తడిసి తాడు సాగినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. అందుకే తాడును ముందే తడిపి సాగదీసి ముడులు వేసేవాళ్లు, మధ్యమధ్యలో డెక్ మీద కొట్టిన మేకుల దూరంతో సరిచూసుకునేవాళ్లు.

ఇసుక గడియారం సంగతీ అంతే. చెమ్మ తగిలి ఇసుక అతుక్కుంటే నెమ్మదిగా జారుతుంది, ఎక్కువ సమయం ఇస్తుంది, ముడులు ఎక్కువ పోతాయి. ఏళ్ల తరబడి జారి జారి నడుమ రంధ్రం అరిగి పెద్దదైతే ఇసుక తొందరగా అయిపోతుంది, ముడులు తక్కువ. సరిచూడాలంటే 39.1 అంగుళాల దారానికి ఒక సీసపు గుండు కట్టి ఊపితే చాలు. అటు నుంచి ఇటు ఒక ఊపుకు ఒక సెకను పడుతుంది. 28 ఊపులకు ఇసుక అయిపోవాలి.

ఇంత కష్టపడి కొలిచిన అంకెను గుర్తుపెట్టుకుంటే సరిపోదు కదా. పుస్తకంలా మూసుకునే రెండు రెక్కల నల్లపలక ఒకటి ఉండేది, దాని పేరు లాగ్ బోర్డ్. గంట, ముడులు, దిక్కు, గాలి అని గడులు గీసి సుద్దతో రాసేవాళ్లు. మధ్యాహ్నం కాగానే పలక మీద ఉన్నదంతా పుస్తకంలోకి ఎక్కించి పలక తుడిచేవాళ్లు. ఆ పుస్తకం లాగ్ బుక్. ఎడ్వర్డ్ మాసీ 1802లో నీళ్లలో తిరిగే చక్రంతో వేగం కొలిచే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాక చెక్కకూ తాడుకూ మెల్లమెల్లగా పని పోయింది, పుస్తకం పేరు మాత్రం పోలేదు. 19వ శతాబ్దానికి 'లాగ్' క్రియ కూడా అయింది. లాగ్ చేయడమంటే పుస్తకంలో రాయడం.

మనవైపు కూడా ఆ పుస్తకం ఇంకా బతికే ఉంది. సర్కారు జీపు డ్రైవర్ దగ్గర లాగ్ బుక్ ఉంటుంది, కిలోమీటర్లు, డీజిల్, ఎవరు ఎక్కారు అన్నవి అందులో. ఊరి బయట 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ గంటగంటకూ వోల్టేజీ, లోడు రాసే కాగితం పేరు లాగ్ షీట్. గంటకోసారి లేచిపోయి అంకె చూసి గడిలో రాయడమంటే ఓడ మీద పలక పని ఉన్నదున్నట్టు అదే.

ఇక కంప్యూటర్. అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి, 1961 నవంబర్‌లో చూపించింది. దాని పేరు సీటీఎస్ఎస్. అంతకు ముందు చేయాల్సిన పనిని రంధ్రాలు కొట్టిన కార్డుల మీద ఇచ్చేసి పోతే ఎప్పుడో ఫలితం వచ్చేది. ఇప్పుడు ఎవరి టైప్‌రైటర్ దగ్గర వాళ్లు కూర్చుని యంత్రంతో పని చేయించుకోవచ్చు. యంత్రం సమయం బంగారంతో సమానం కాబట్టి ఎవరు ఎంతసేపు వాడారన్న లెక్క తప్పనిసరి. కూర్చోగానే 'లాగిన్' అని కొట్టి తన నంబరు ఇవ్వాలి, లేచేటప్పుడు 'లాగౌట్' కొట్టాలి. వాడుకున్న యంత్రం సమయం ఎంతో అప్పుడు అచ్చయి వచ్చేది. కాబట్టి మొదటి రోజు నుంచే ఇది హాజరు పట్టీ వ్యవహారం. ఒకరి నంబరుతో ఇంకొకరు సమయం వాడుకోకుండా, ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా పాస్‌వర్డ్ పెట్టారు. ఆ పాస్‌వర్డ్ కూడా వెంటనే గట్టిపడిందేమీ లేదు. 1966లో ఒక పొరపాటు వల్ల, లాగిన్ కాగానే కనిపించాల్సిన రోజువారీ సందేశం స్థానంలో అందరి పాస్‌వర్డ్‌ల ఫైలు ప్రత్యక్షమైంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి, ఎందుకంటే ఇంగ్లిష్ పరీక్షల్లో ఈ మాట దగ్గర మనకు మార్కులు పోయేది దీని వల్లనే. కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞలో ఖాళీ వస్తే, ఖాళీకి ముందున్నది ఆజ్ఞ, తర్వాతది దాని వివరం అని యంత్రం అర్థం చేసుకుంటుంది. అందుకని ఆజ్ఞ పేరు ఒక్క మాటగానే ఉండాలి. 'లాగ్', 'ఇన్' కలిసి 'లాగిన్' అయింది అట్లా. తర్వాత వచ్చిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ పేరునే తీసుకుంది. తెర మీద ఆ రూపమే కనిపిస్తూ ఉండేసరికి లోకమంతా దాన్నే క్రియ అనుకుంది.

క్రియ రెండు మాటలు: లాగ్, ఖాళీ, ఇన్. నామవాచకం, విశేషణం ఒక్క మాట: లాగిన్ పేజీ, లాగిన్ ఐడీ. అనుమానం వస్తే భూతకాలంలో పెట్టి చూడండి. 'షి లాగ్డ్ ఇన్ ఎట్ టెన్' అనాలి. కాలం మారినప్పుడు మార్పు మధ్యలో జరుగుతోంది, అంటే మధ్యలో ఖాళీ ఉండాల్సిందే. 'లాగిన్డ్' అనే మాట ఇంగ్లిష్‌లో లేదు. అయినా మన పిల్లల నోట అది రావడానికి కారణం తెలుగే. తెలుగు నామవాచకాన్ని తెచ్చుకుని దానికి 'అవు', 'చేయి' తగిలించింది: లాగిన్ అయిన, లాగిన్ చేసిండు. తెలుగులో అది చక్కగా నడుస్తుంది, తప్పేమీ లేదు. 'లాగిన్' మొత్తం ఒక ముద్దగా బుర్రలో కూర్చుంటుంది కాబట్టి ఇంగ్లిష్ రాసేటప్పుడు ఆ ముద్ద చివరనే ప్రత్యయం అతుకుతుంది. కోచింగ్ సెంటర్లలో దీన్ని రూల్‌గా బట్టీ పట్టిస్తారు గానీ ఎందుకు తప్పుతున్నామో చెప్పరు. కారణం తెలిస్తే రూల్ అక్కర్లేదు.

ఇంకొన్ని పాయింట్లు. 'ఈడీ', 'ఐఎన్‌జీ' చేరినప్పుడు 'జీ' అక్షరం రెండుసార్లు రాయాలి, హ్రస్వ స్వరం మీద ఒకే హల్లుతో ముగిసే ఏకాక్షర క్రియ కాబట్టి. 'లాగ్స్ ఇన్'లో మాత్రం ఒక్కటే 'జీ'. పలికేటప్పుడు నామవాచకంలో 'లాగ్' మీద ఊనిక పడుతుంది, క్రియలో 'ఇన్' మీద పడుతుంది. 'ఐ లాగ్డ్ ఇన్' అంటే జరిగిన పని, 'ఐ యామ్ లాగ్డ్ ఇన్' అంటే ఇప్పుడున్న స్థితి.

మనిషి కర్మగా వస్తే క్రియ మధ్యలో దూరుతాడు: 'ద ఆపరేటర్ లాగ్డ్ మీ ఇన్', 'ద సైట్ లాగ్డ్ అజ్ అవుట్'. సైట్ పేరు మాత్రం అట్లా దూరదు. 'లాగ్ ద పోర్టల్ ఇన్' అంటే పోర్టల్ పేరును రిజిస్టర్‌లో ఎక్కించినట్టవుతుంది! సైట్‌కు 'టు' కావాలి: 'లాగ్ ఇన్ టు ద పోర్టల్'. ఆ 'ఇన్', 'టు' విడివిడిగా రాయాలా కలిపి రాయాలా అన్నదాని మీద వాదన ఉంది. కలిపి రాసినవి అచ్చులో బోలెడు కనిపిస్తాయి. నా ఓటు విడిగా రాయడానికే, 'ఇన్' క్రియకు చెందినది, 'టు' పోర్టల్‌కు చెందినది కాబట్టి. వాక్యాన్ని సరిదిద్దే ప్రశ్నల్లో ఇచ్చే తప్పు మాత్రం మామూలుగా ఈ రెండూ కాదు, 'లాగిన్'ను ఒక్క మాటగా రాసి పక్కన 'టు' పెట్టడం.

'లాగ్ ఆన్'కు జత 'లాగ్ ఆఫ్', 'లాగ్ ఇన్'కు జత 'లాగ్ అవుట్'. ఒకే పేరాలో ఈ జతలను కలగాపులగం చేయకూడదు. విండోస్ చాలా ఏళ్లు ఆన్, ఆఫ్ వాడి, విండోస్ 8 నుంచి 'సైన్ ఇన్', 'సైన్ అవుట్'కు మారింది. సైన్ అంటే రిజిస్టర్‌లో సంతకం, కాబట్టి పుస్తకం ఎటూ పోలేదు. కాజీపేటలో రైలు డ్రైవర్లు డ్యూటీ ఎక్కడాన్ని 'సైన్ ఆన్' అంటారు, దిగడాన్ని 'సైన్ ఆఫ్' అంటారు. 'క్లాక్ ఇన్' అనే మాట ఫ్యాక్టరీ గడియారం నుంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లర్డ్ బండీ 1888లో చేసిన గడియారంలో కార్మికుడు తన తాళంచెవి పెట్టి తిప్పితే నంబరూ టైమూ అచ్చుపడేవి. ఇవన్నీ మస్టర్ కులానివే, దేని పనిముట్టు దానికి.

బ్యాక్‌లాగ్ మాత్రం ఈ కుటుంబం కాదు. ఇంజినీరింగ్ పిల్లలు "నాకు మూడు బ్యాక్‌లాగ్స్ ఉన్నయ్" అంటే అది లాగ్ బుక్‌లో మిగిలిపోయిన పని అనుకుంటే నమ్మబుద్ధి వేస్తుంది గానీ, కాదు. చలి దేశాల ఇళ్లలో మంట కోసం గోడలో పొయ్యి ఉంటుంది. దాని వెనక గోడకు ఆనించి ఒక లావు మొద్దు పెడతారు. ముందున్న పుల్లలు మండి బూడిదైనా వెనకది నెమ్మదిగా రాజుతూ నిప్పును కాపాడుతుంది. ఆ వెనక మొద్దే బ్యాక్‌లాగ్. నిల్వ అన్న అర్థం దాని నుంచి వచ్చింది, అక్కడి నుంచి మిగిలిపోయిన పని, అక్కడి నుంచి తప్పిన సబ్జెక్టు. లాగరిథమ్‌కు దుంగతో కూడా చుట్టరికం లేదు, అది గ్రీకు మాటలతో జాన్ నేపియర్ కట్టిన పేరు, 1614లో అచ్చయింది. బ్లాగ్ మాత్రం అచ్చంగా మనవాడే: 1997లో జోర్న్ బార్గర్ 'వెబ్‌లాగ్' అన్నాడు, 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాకు 'వీ బ్లాగ్' అని విరిచాడు, ముందరి 'వీ' రాలిపోయింది.

నమోదు అన్న అర్థం పట్టుకుంటే ఆఫీసులో ఒక సంగతి తేలిగ్గా తెలుస్తుంది. నలుగురు ఆపరేటర్లు ఒకే ఐడీతో పని చేసే చోట్లు చాలా ఉన్నాయి. లోపలికి పోవడమే లెక్క అయితే ఎవరి తాళంతో పోయినా ఒకటే. పుస్తకంలో ఎక్కడం లెక్క అయితే, ఆ నలుగురు చేసిన ప్రతి తప్పూ ఐడీ ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలోనే పడుతుంది. తర్వాత విచారణ వస్తే "ఆ టైముల నేను చాయ్‌కి పోయిన" అన్న మాట ఎందుకూ పనికిరాదు, పుస్తకంలో పేరుంది.

మీ కంప్యూటర్ పుస్తకాన్ని మీరే చదవవచ్చు. విండోస్‌లో స్టార్ట్ నొక్కి 'ఈవెంట్ వ్యూయర్' అని కొట్టండి. కుడి మౌస్ బటన్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, లేకపోతే సెక్యూరిటీ భాగం తెరుచుకోదు. ఎడమ పక్కన విండోస్ లాగ్స్, దాని కింద సెక్యూరిటీ. కుడి పక్కన 'ఫిల్టర్ కరెంట్ లాగ్' నొక్కి నంబర్ల గడిలో 4624 వేస్తే లోపలికి వచ్చిన నమోదులన్నీ, 4625 వేస్తే పాస్‌వర్డ్ తప్పి ఆగిపోయినవీ వస్తాయి. 4624 వందల్లో వచ్చేసరికి ఎవరో చొరబడ్డారని బెదిరిపోవద్దు. విండోస్ లోపలి సేవలు కూడా తమ పేర్లు ఎక్కిస్తాయి, వాటికి 'లాగాన్ టైప్' 5 ఉంటుంది. మనిషి కీబోర్డు ముందు కూర్చుని వచ్చింది 2, తెర లాక్ తీసింది 7, దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చింది 10. ముందుగా చూడాల్సింది 2, 7, 10. ఆఫీసు మూసిన వేళకు 10 కనబడితే అప్పుడు అడగాలి.

నమోదైన టైమును నమ్మేముందు కంప్యూటర్ గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీతోనే నమోదులు పడతాయి, బ్యాంకు సైట్లు కూడా సర్టిఫికెట్ తప్పని తెరుచుకోవు. "లాగిన్ అయితలేదు" అన్న కంప్లయింట్లలో కొన్నింటికి మందు ఆ బిళ్ల మార్చడమే.

జీమెయిల్‌కు కూడా ఇట్లాంటి పేజీ ఉంది. కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్ అడుగుకు పోతే కుడి మూలన చిన్న అక్షరాలతో 'లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ', దాని కింద 'డీటెయిల్స్' ఉంటాయి. ఎప్పుడు, దేని నుంచి, ఏ చిరునామా నుంచి తెరిచారో వరస కనిపిస్తుంది. మీరు వరంగల్‌లో ఉంటే అక్కడ హైదరాబాద్ అని చూపించవచ్చు, ఇంటర్నెట్ కంపెనీ ఆ చిరునామాను ఎక్కడ నమోదు చేసుకుందో ఆ ఊరే వస్తుంది కాబట్టి. ఊరిని కాదు, టైమునూ పరికరాన్నీ చూడాలి.

నెట్ సెంటర్‌లో డిగ్రీ సీటుకు దోస్త్ ఫారమో, ఇంజినీరింగ్ సీటుకు ఎప్‌సెట్ ఆప్షన్లో పెట్టే పిల్లలకు ఒక మాట. పేజీని కొట్టేసి లేచిపోవడం లాగ్ అవుట్ కాదు. లాగ్ ఇన్ అయినప్పుడు సైట్ మీ బ్రౌజర్‌లో ఒక గుర్తు పెడుతుంది, పేజీ మూసినా ఆ గుర్తు ఉంటుంది. పక్కవాడు అదే బ్రౌజర్‌లో అదే సైట్ తెరిస్తే, సైట్ వాణ్ని మీరే అనుకునే అవకాశం ఉంది. ముందు లాగ్ అవుట్ నొక్కండి, తర్వాత అదే సైట్ మళ్లీ తెరిచి పాస్‌వర్డ్ అడుగుతోందో లేదో చూడండి, 'సేవ్ పాస్‌వర్డ్' అని ఎక్కడైనా అడిగితే వద్దనండి. సెంటర్ అతని ఫోన్ నంబరుతో రిజిస్టర్ అయి ఉంటే ఓటీపీలన్నీ అతనికే పోతాయి, సొంత నంబరు ఇవ్వండి.